కొల్లేటి అడుగుకి చుట్టిన తీగ

పొద్దున్నే చద్దన్నం తిని, తివాచీ మగ్గం ముందున్న బల్ల మీద ఎడంపక్కకి ఒదిగి కూర్చోవడం మహమూదాకి అలవాటు. కుడిపక్క మొగుడు ఇక్బాల్‌ది. బట్టల మూటతో కొల్లేటి లంకలకి అమ్మకానికి వెళ్ళిన మనిషి, కిందటి వానాకాలం నుంచీ మళ్ళీ రాలేదు. ఖాళీ తాటిదోనె మాత్రం దొరికింది. మునిగిపోయాడు, ఇక మొగుడు పోయినవాళ్ళలా నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ కూర్చోమని బావగారు జిలానీ ఒకటే పోరు. పోయాడో లేదో తెలియకుండా ఎలా కూర్చుంటానండీ అని ఈవిడ.

మధ్యాహ్నాలు గంగాధరరావు రేడియో కొట్లో ఒక సెట్టుకి రాగితీగ చుట్టేది. ఊళ్ళో కోదండరామయ్యగారు లండను వినాలని కొని, మోజు తీరాక రిపేరుకిచ్చి మరిచిపోయిన షార్టువేవు సెట్టు అది. చుట్లు పెరిగేకొద్దీ ఇంకా కింది స్టేషన్లు అందుతాయి. చుట్లు సమంగా పడాలంటే తివాచీ ముడులు వేసిన వేళ్ళే కావాలి మరి. లండను పోయింది, ఓడల టిక్కుటిక్కులూ పోయాయి, వాటి కింద కొల్లేరు పలికింది. అందులో మునిగినవాళ్ళు ఇంటివాళ్ళతో మాట్లాడుతున్నారు. ఏలూరులో ఎవరూ వింతపడలేదు, గరగర ఎక్కువగా ఉందని విసుక్కున్నారంతే. మార్తమ్మ కొడుకు, వల ఎండలో వెయ్యమ్మా అన్నాడు. ఆవిడ ఏడ్చి, ముక్కు చీదుకుని, ఇంటికెళ్ళి వల ఆరేసింది.

ఇక్బాల్ మాత్రం పలకలేదు. ఇంకా లోతున ఉన్నాడేమోనని మహమూదా చుడుతూనే ఉంది. వేళ్ళు కోసుకుపోయాయి, నడుం పడిపోయింది, తీగచుట్ట గుమ్మడికాయంత అయింది. ఏ కాలంవాడో ఒక ముసలాయన, ఎసరు పెట్టావా అని పెళ్ళాన్ని అడుగుతున్నాడు. పాపం, ఆ పెళ్ళాం పోయి ఎన్నాళ్ళయిందో!

ఒక శుక్రవారం ఆ గొంతులు కూడా ఆగిపోయాయి. బురద సర్దుకుంటున్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇదేనమ్మా కొల్లేటి అడుగు. ఇంక కింద నీళ్ళు లేవు," అన్నాడు గంగాధరరావు.

"అందరూ పలికినట్టేనాండీ?"

"మునిగినవాడు పలక్కుండా ఉండడమ్మా." ఆవిడ మొహంలోకి చూడలేక మరలు బిగించాడు. "పోనీ, ఇంకాస్త చుట్టి చూద్దామా?"

"వద్దండి."

అంటే బతికే ఉన్నాడు. దోనె వదిలేసి ఎక్కడో రైలెక్కి పోయాడు. సంతోషించాలి కదా! మునిగినా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. తీగచుట్ట అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టింది.

గుమ్మంలో జిలానీ మళ్ళీ ఇద్దత్ మాట ఎత్తబోయాడు.

"మీ తమ్ముడు బతికే ఉన్నాడు బావగారూ," అంది మహమూదా. "నాకు మాత్రం కాదు."

లోపలికెళ్ళి, బల్ల మధ్యకి జరిగి కూర్చుని, రెండు పక్కల ఉన్ని ఉండలూ తనే అందుకుంది.