నీలం అంటిన చేతులు

మా వంశానికి మిగిలిందల్లా ఒక్క గౌరవం. కొత్త రాజు గద్దెనెక్కినప్పుడల్లా ఊరి నడిబొడ్డున రాచజెండా ఎత్తేది మేమే. మూడో ఫెలిపేకి మా తాత ఎత్తాడు. ఆనాడు పోర్చుగల్ కూడా మా కాస్టిల్ రాజులదే. నాలుగో ఫెలిపేకి నాన్న ఎత్తాడు. ఆ రాజు పోయేనాటికి పోర్చుగల్ చేజారింది, మా ఇంటి పైకప్పు సగం కూలింది. ఆ తర్వాత రాజైంది నాలుగేళ్లయినా నిండని పసివాడు. జెండా ఎత్తాల్సింది నేను.

మాలాంటి పెద్దింటివాళ్ళు చేతిపని చేయకూడదు. ఇంటివాళ్ళలో ఎవరు చేసినా పెద్దరికం పోతుంది, జెండా పోతుంది. నేను చేయలేదు లెండి. ఇరవై ఏళ్లుగా తలుపులు మూసుకుని, నేతగాళ్ళ ఉన్నికి నీలిరంగు అద్దింది నా భార్య ఎల్విరా. నేను కూర్చుని తిన్నాను.

మా అర్హత చూడడానికి కొత్త న్యాయాధికారి వచ్చాడు. వయ్యదోలీద్ పట్నం మనిషి, మమ్మల్ని ఎరగడు. కబురైనా లేకుండా నేరుగా వంటింట్లోకి వచ్చేశాడు. ఎల్విరా చేతులు మోచేతుల దాకా నీలమే.

"ఈవిడెవరండీ, డాన్ బెర్ముదో?"

"పనిమనిషండీ. ఊళ్లోవాళ్ళ ఉన్ని తెచ్చి నా ఇంట్లో అద్దుకుంటోంది, సిగ్గులేని మనిషి!" అన్నాను. పైగా నవ్వాను కూడా. ఛీ, నా బతుకు!

ఎల్విరా నావైపు ఒక్కసారి చూసింది. తల వంచుకుని, "తప్పయిపోయింది అయ్యగారూ, ఇంకెప్పుడూ చేయను," అంది.

"అమ్మగారు కనబడరేం?" అన్నాడాయన.

"ఒంట్లో బాగాలేదండీ, పడుకుంది."

"అయ్యో పాపం! జెండా పండగ నాటికి లేచి తిరగాలని చెప్పండి. మా ఆవిడ పక్కనే కుర్చీ వేయిస్తాను."

జెండా పండగ రోజు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. నాన్న నల్ల మఖమల్ కోటు తొడుక్కుని అరుగెక్కాను. "కాస్టిల్! కాస్టిల్! మన రాజు డాన్ కార్లోస్ కోసం!" అని మూడుసార్లు అరవాలి. రెండోసారి అరిచాక కింద పనివాళ్ళ గుంపులో ఎల్విరా కనబడింది. చేతులు శాలువా కింద దాచుకుని నిలబడింది. మూడోసారి నా గొంతు పూడుకుపోయింది.

"ఆహా, ఎంత రాజభక్తయ్యా నీది!" అంటూ న్యాయాధికారి నన్ను కౌగలించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి బల్లమీద ఒక్క కంచమే ఉంది. వేడివేడి శనగల పులుసు వడ్డించి, ఎల్విరా గోడవారగా నిలబడింది.

"కూర్చో, ఎల్విరా," అన్నాను.

"పనిమనిషి అయ్యగారి పక్కన కూర్చుంటుందాండీ?"

ఆ రోజు నుంచి ఆవిడ నన్ను 'అయ్యగారూ' అనే పిలుస్తోంది, 'ఏమండీ' అని పిలిచి ఆరేళ్లయింది. న్యాయాధికారి దగ్గరికెళ్ళి నిజం చెప్పలేకపోయాను. ఆ పూట కంచం ముందునుంచి లేవనైనా లేవలేకపోయాను. ఆకలేసింది, మొత్తం తిన్నాను.