రామ్‌సింగ్ మీసం మొక్కు

రామ్‌సింగ్ మీసమంటే తండా మొత్తానికి గొప్ప. నలభై ఏళ్లుగా నూనె రాసి, మెలితిప్పి పెంచుకున్నాడు. అలాంటి మీసాన్ని మనవరాలి కోసం మొక్కేశాడంటే ఆ పిల్ల ఎంత ఏడిపించిందో మీరే ఊహించుకోండి.

భద్రాచలం శివారు కాలనీలో చర్చి వాళ్ల నర్సరీ బడి ఉంది. నాలుగేళ్ల బిందుశ్రీ మొదటి నెలంతా ఆ బడి గేటు పట్టుకుని వీధి అదిరేలా ఏడ్చింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి దింపేదీ తెచ్చేదీ తాతే. ఆయనకు కడుపు తరుక్కుపోయేది. "రామయ్యా, పిల్ల ఏడ్వకుంట బడికి పోతే నా మీసం నీకే" అని మొక్కాడు. చర్చి బడి పంచాయితీ రాముడి దగ్గరేంటని ఎవరో నవ్వితే, పిల్ల ఏడుపుకు మతమేందిరా అని కసిరాడు.

రెండో నెలలో ఏడుపు ఆగింది. ఈ పొద్దున పిల్లను దింపి, నేరుగా గోదావరి ఒడ్డుకెళ్లి, జుట్టుతో పాటు మీసమూ ఇచ్చేశాడు. మధ్యాహ్నం నిశ్చింతగా బడికి వచ్చాడు.

గేటు దగ్గర సిస్టర్ ఫిలోమినా, పిల్లను తీసుకెళ్లేవాళ్లకు బడి ఇచ్చిన కార్డు మీద ఫోటో చూసింది. తలపాగా, గుబురు మీసం. ఎదురుగా నున్నటి గుండు.

"ఫోటో కలవకపోతే పిల్లను పంపం, పెద్దాయనా."

"నేనే సిస్టరమ్మా! పొద్దున నేనే తోల్కొచ్చిన గదా!"

"పొద్దున వచ్చినాయనకు మీసం ఉంది."

"అయితే పిల్లనే అడుగుండ్రి!"

జారుడుబల్ల మీదున్న బిందుశ్రీని తీసుకొచ్చారు. ఆ పిల్ల గుండును కిందికీ పైకీ చూసి, తల అడ్డంగా ఊపింది.

"తెల్వదు."

రామ్‌సింగ్ ప్రాణం ఉసూరుమంది. మీసం పోతే తాత కూడా పోయినట్టేనా? వణికే పెదవిని దాచుకుందామన్నా అడ్డం ఏమీ లేదు.

"సరే, కోడల్ని పిల్చుకొస్త" అని వెనక్కి తిరిగాడు.

అప్పటికే బిందుశ్రీ మళ్లీ జారుడుబల్ల ఎక్కేసింది. పైనుంచి గట్టిగా కేకేసింది.

"తాతా! మెల్లగ పో! జల్ది రాకు!"

సిస్టర్ నవ్వాపుకోలేక గేటు తెరిచింది. రామ్‌సింగ్ లోపలికొచ్చి జారుడుబల్ల పక్కనే చతికిలబడ్డాడు. మొక్కు ఇంత గట్టిగా ఫలిస్తుందని తెలిస్తే సగం మీసమే మొక్కేవాడు.