జమ్మి మీది చాకులు

దసరా అంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. దానికి ఒక కారణం దశరథం పటేలు, రెండో కారణం నేను.

హుజూరాబాదుకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూలులో, 1961లో నేను తెలుగు చెప్పేవాణ్ని. ఆ ఎండాకాలం జాతరలో మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఇంకొకడి పొట్టలో చాకు దించాడు. చెడుగుడు ఆటలో మాటా మాటా పెరిగిందట, అంతే. దెబ్బ తిన్నవాడు బతికాడు గాని, ఆనాటినుంచి ప్రతివాడి జేబులో ఒక మడత చాకు. ఎందుకురా అంటే, వాడి దగ్గర ఉందని వీడు, వీడి దగ్గర ఉందని వాడు. మీసం రాని మొగాళ్లు!

బడి తెరవగానే పాండవుల కథ ఎత్తుకున్నాను. అంతటి అర్జునుడే గాండీవాన్ని జమ్మిచెట్టు మీద దాచి ఏడాదిపాటు ఉత్త చేతులతో బతికాడని, మనకూ ఒక జమ్మి కావాలని ఊదరగొట్టాను. ఆఫీసుగదిలోని ఇనుపపెట్టెను చూపి ఇదే మన జమ్మి అన్నాను. మొదట లేచి చాకు వేసినవాడు హనుమండ్లు. కూలికి పోయే కిష్టవ్వకు ఒక్కగానొక్క కొడుకు, బక్కపలచని వాడు. పటేలు కొడుకు రాజలింగం దారి కాచి మరీ వీణ్ని కొట్టేవాడు. అందరికంటే చాకు అవసరం వీడికే.

"మీ మాట మీద ఇస్తున్న సార్" అన్నాడు.

వాడి వెనుక ఇంకో ఇరవై రెండు పడ్డాయి. అందరూ చూస్తున్నారని రాజలింగం కూడా చివరికి విసిరినట్టు వేశాడు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. నాలుగు నెలలు ఊళ్లో ఎవడి ఒంటి మీదా గాటు పడలేదు.

దసరా ముందురోజు దశరథం పటేలు నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ఆయుధపూజకు పిల్లల చాకులు కావాలట. ఇళ్లల్లో ఉన్న నాగళ్లు, కొడవళ్లు చాలవట. నేను అడ్డుపడితే నోట్లోని తమలపాకు పిప్పి బడి గోడకు ఉమ్మి నవ్వాడు.

"జమ్మి మీది ఆయుధాలు దసరాకు దించరా సారూ? గా కథ జెప్పింది నువ్వే గద."

పెద్దమనుషులు పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు అప్పటికే తాళంచెవి చేత పట్టుకుని నిలబడ్డాడు. పూజ కాగానే తిరిగి ఇస్తామని చెప్పి, సాయంత్రందాకా తండ్రులు వచ్చి తమ కొడుకుల చాకులు ఏరుకుపోయారు. కిష్టవ్వ మాత్రం రాలేదు. ఇచ్చింది ఇచ్చిందే అన్నదట.

మర్నాడు జమ్మి ఆకు తెంపుకునే దగ్గర, కల్లు తాగి ఉన్న రాజలింగం హనుమండ్లు మీదికి పోయాడు. చాకుకు పెట్టిన పసుపు ఇంకా రాలలేదు. ఉత్త చెయ్యి అడ్డం పెట్టినందుకు హనుమండ్లు కుడి అరచెయ్యి ఎముక దాకా తెగింది. హుజూరాబాదు డాక్టరు కుట్లు వేసి, బొటనవేలు ఇక వంగదని చెప్పాడు.

సంగతి పోలీసుల దాకా పోకుండా మూడోనాడు బడి వరండాలోనే పంచాయతీ పెట్టారు. పిల్లలన్నాక కొట్లాడుకుంటారని ఒకడు, పండుగపూట ఎదురు నిలవడం హనుమండ్లు తప్పని ఇంకొకడు. చివరికి ఇద్దరినీ నిలబెట్టి, దసరాకు అందరూ చేసుకునే అలాయ్ బలాయ్ చేసుకోమన్నారు. కట్టు కట్టిన చేతిని పక్కకు జరుపుకుని, ఆ పిల్లవాడు తనను కోసినవాణ్ని కౌగిలించుకున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా? పెద్దమనుషులు చప్పట్లు కొట్టి కల్లుకుండల వైపు నడిచారు. చప్పట్లు నేనూ కొట్టాను.

సోమవారం కిష్టవ్వ కొడుకును తీసుకుని ఆఫీసుగదికి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు.

"మా పోరని చాకు మాకియ్యి సారూ."

చాకుతో చాకు ఆగదని చెప్పాను. తెగిన చేత్తో వీడు దాన్ని పట్టుకోనైనా పట్టుకోలేడని చెప్పాను. ఎడమచెయ్యి ఉన్నది కదా అన్నది. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆపింది.

"మరి బడి ఇడిసినంక రోజు ఇంటిదాంక వానెంబడి నువ్వొస్తవా?"

వాళ్లింటికి పోయే దారిలో పటేలు వాకిలి ఉంది. సాయంత్రాలు ఆయన అరుగు మీదే కూర్చుంటాడు. హనుమండ్లు నా మొహంలోకే చూస్తున్నాడు.

నేను పెట్టె తాళం తీశాను.