డాక్టర్ సాబ్ ఇల్లు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ప్రేమలీల ఒంటరిగా ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు జాబెజ్ సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటు. తొంభైతొమ్మిది వేసవిలో ఆమె పక్క గదిని జమునకు కిరాయికిచ్చింది. గజ్వేల్ వైపు నుంచి వచ్చిన జమున అబిడ్స్‌లో చీరల దుకాణంలో పని చేసేది. ఆమె భర్త బాలరాజు కూడా సిపాయే. కొడుకుది పుణె ఆస్పత్రి, అతనిది కాశ్మీరు. ఇద్దరికీ పరిచయం ఉంటుందని ఆడవాళ్ళు అనుకోనేలేదు.

కార్గిల్ యుద్ధం మొదలయ్యాక జాబెజ్‌ను కూడా అటే పంపారు. జూన్ చివర అతని శవపేటిక ఇంటికి వచ్చింది. ప్రేమలీలకు అన్నం తినిపించింది, రాత్రిళ్ళు పక్కన పడుకున్నది జమునే. తర్వాత కొన్నాళ్ళకు బాలరాజు గాయపడ్డాడనీ, ప్రాణానికి భయం లేదనీ కబురొచ్చింది. ఆ సంతోషాన్ని ప్రేమలీల ముందు కనబడనీయడానికి జమున సిగ్గుపడింది. దెబ్బతిన్న మనిషికి చావు కబురెందుకని భర్తకు ఇంటావిడ కొడుకు సంగతి చెప్పలేదు.

దసరాకు బాలరాజు వచ్చాడు. కుడికాలు మోకాలి కింద లేదు. గడప దగ్గర కర్ర ఆనించి, ప్రేమలీలకు దండం పెట్టి, ఈ వాడకట్టులో తనను కాపాడినవాడి ఇల్లు వెతకాలని చెప్పాడు.

"మా బటాలియన్‌కు కొత్తగ నర్సింగ్ పిలగాడొచ్చిండమ్మా. డాక్టర్ సాబ్ అంటుంటిమి, పేరు తెల్వదు. నన్ను వీపు మీదేసుకొని కొండ కిందికి దించిండు, మళ్ల పైకి పోయి తిరిగి రాలే. మాది నాంపల్లే, ఫికర్ జెయ్యకు అన్నడు. నీకేమన్న ఎరుకనా?"

జమున చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. అతని ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండేదా అని ప్రేమలీల అడిగింది. ఉండేదన్నాడు బాలరాజు. అప్పుడామె, అతను తన కొడుకేనని చెప్పింది.

బాలరాజు గోడ పట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నిన్ను దించినంక మళ్ల పైకెందుకు పోయిండు?"

"ఇంకొకలు అరుస్తుండె, అమ్మా."

"ఆ అరిసినాయన బతికిండా?"

"లేదు."

గది ఖాళీ చెయ్యొద్దని ప్రేమలీలే అంది. కానీ గోడ అవతల కర్ర చప్పుడైతే చాలు, ఆమె తింటున్న కంచం పక్కకు నెట్టేసేది. ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. జమునకే అర్థమై, క్రిస్మస్ లోపల కోఠీకి మారారు.

బాలరాజు అబిడ్స్‌లో ఒక దుకాణం ముందు వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమలీల ఆ దారినే వచ్చేది. ఆమెను చూసి అతను లేవబోతే కూర్చోమనేది. కాలు నొస్తోందా అని అడిగి, కాసేపు నిలబడేది. కొన్ని వారాలు మాత్రం దూరం నుంచే అతన్ని చూసి, రోడ్డు దాటి అవతలి పక్క నుంచి వెళ్ళిపోయేది.