డబ్బాలోని నలుపు

ఆగండి. ఆ ఫోను పక్కన పెట్టి ఓ చెవి ఇటు పడేయండి. మహిళా దినోత్సవం నాడు మైపాడు బీచిలో జరిగిన సంగతి ఇది, సగంలో లేచిపోతే మాత్రం ఊరుకోను.

షారన్‌ది ఇందుకూరుపేట దగ్గర పల్లె. అమ్మ నవోమి రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. షారన్ నలుపు. చామనచాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, అసలు నలుపు. చర్చిలో క్రిస్మస్ నాటకం వేసిన ప్రతి ఏడూ మరియమ్మ వేషం ఎర్రగా ఉండే వినీలకి, సాతాను వేషం షారన్‌కి. తొమ్మిదేళ్లు వరసగా సాతానే! "నీకైతే మేకప్ ఖర్చు ల్యా మే" అని నాటకం వేయించే పరంజ్యోతి టీచరు నవ్వేది, అందరూ నవ్వేవాళ్లు, నవోమి కూడా నవ్వేది. నవ్వి, ఇంటికొచ్చి, శనగపిండి కలిపి కూతురి మొహం తోలు ఊడేలా రుద్దేది.

ఇదంతా షారన్ నెల్లూరు హాస్టల్లో పడుకుని ఫోనులో రాసింది. రాసి రేవతి మేడమ్‌కి పంపింది. మేడమ్‌ది ఒక నాటక బృందం. పాటలు, డాన్సులు ఉండవు, ఒక్కొక్కరే వచ్చి మైకు ముందు నిలబడి ఒట్టి మాటలతో జనాన్ని కట్టిపడేస్తారు. ఈసారి నల్లటి ఆడవాళ్ల మీద వేస్తున్నాం, కథలు పంపండి అని పోస్టు పెట్టింది. షారన్‌ది ఎంపికైంది, అదీ ఆఖరి అంశంగా! షారన్ ఎగిరి గంతేసి, తోడుగా వినీలని కూడా బృందంలో చేర్పించి, అమ్మకి ఫోన్ చేసింది. "ముందు వరసలో కూర్చోమా. ఈసారి సాతాను కాదు, నేనే." పుట్టాక మొదటిసారి తన మాటలు తన నోటితో చెప్పబోతోంది. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

ప్రదర్శనకి రెండు రోజుల ముందు లైట్లు పెట్టి రిహార్సల్ చేశారు.

"ఏమనుకోకు షారన్," అంది మేడమ్. "లైట్లలో నీ మొహం తెలీడం లేదు. కళ్లూ పళ్లే కనిపిస్తున్నాయి. నీది వినీల చెబుతుంది, తనకి మేకప్ వేద్దాం."

"నల్లోళ్ల నాటకమే గదా మేడమ్?"

"అందుకే కదమ్మా, నలుపు బాగా కనపడాలి!"

మేకప్ మాల్యాద్రి షారన్ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. "కదలబాకమ్మా, నీ రంగుకి మ్యాచ్ చేయాల." షారన్ ముంజేతి పక్కన వినీల చెంప పెట్టించి, నాలుగుసార్లు పూసి తుడిచాడు. "ఇంకొంచెం పడాల్లే."

"నాకొద్దని చెప్పినానక్కా, వినలా మేడమ్," అని వినీల ఏడుపు మొహం పెట్టింది. షారన్‌కి మిగిలిన పని తెర వెనక నిలబడి లైన్లు అందించడం.

ఆ చర్చి నాటకాల్లో ఎవరూ ఏదీ బట్టీ పట్టరు. దుప్పటి తెర వెనక నుంచి టీచరు ఏది అందిస్తే అది గట్టిగా అనేయడమే. ఒకసారి టీచరు విసుక్కుని "ఆ ఫ్యాను ఆపండ్రా" అంటే, పసిబాలుణ్ణి ఒళ్లో పెట్టుకున్న వినీల అదీ గొంతెత్తి అనేసింది. అలాంటి పిల్ల.

బీచిలో సాయంత్రం. గాలికి మైకు హోరెత్తుతోంది. వినీల మొదలుపెట్టింది: తొమ్మిదేళ్ల సాతాను, టీచరు నవ్వు, శనగపిండి. తెర సందులోంచి షారన్‌కి అమ్మ కనిపిస్తోంది. కూతురి కోసం మెడ సాచి చూసి చూసి, రంగు పూసుకున్న వేరే పిల్ల నోట తన శనగపిండి సంగతి విని, నవోమి కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కావిడ మోచేత్తో పొడిచి నవ్వింది.

సరిగ్గా ఆఖరి లైను దగ్గర వినీల ఆగింది. చెవి తెర వైపు తిప్పింది. షారన్ చేతిలో కాగితం మీద "అమ్మా, ఇంక రుద్దబాక" అని ఉంది.

"ఈ నలుపు నాది కాదు," అంది షారన్.

"ఈ నలుపు నాది కాదు!"

"డబ్బాలోది. ఇంటికి పోయి కడిగేసుకుంటా."

"డబ్బాలోది! ఇంటికి పోయి కడిగేసు..." సగంలో అర్థమైంది పిల్లకి. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. కళ్లనీళ్లు కారి, నల్లటి చెంపల మీద రెండు తెల్లచారలు పడ్డాయి. షారన్ కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం ఎంతసేపు ఉంది? జనం లేచి నిలబడి ఈలలు, చప్పట్లు! మేడమ్ స్టేజి ఎక్కి వినీలని వాటేసుకుని, శాలువా కప్పించుకుని, "ఈ ముగింపు కోసం ఆర్నెల్లు కష్టపడ్డాం" అని మైకులో చెప్పింది.

తర్వాత తెర వెనక్కి పరిగెత్తుకొచ్చింది. "జీనియస్‌వి షారన్! శుక్రవారం కోట ఊళ్లో షో కూడా ఇలాగే. కానీ వేరేది అందించు, ఇంకా గట్టిగా తగలాలి. ఆ పిల్లకి ముందే చెప్పకు, ఏడుపు నిజంగా రావాలి. పోస్టర్ మీద రచన అని నీ పేరు వేయిస్తా."

బకెట్ దగ్గర వినీల మొహం కడుక్కుంటోంది. "నేనేం చేసినానక్కా నీకు?" అంది, తలెత్తకుండానే.

బయట ఇసుకలో నవోమి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "ఏ వేషం వేసినావు మే? చూస్తానే ఉండా, నువ్వు యాడా కనపళ్లా."

శుక్రవారం వచ్చేస్తోంది. పోస్టరు అచ్చయింది, షారన్ పేరు పెద్దక్షరాల్లోనే ఉంది. తెర వెనక చోటు ఉంది. చెవి తిప్పి ఎదురుచూసే పిల్ల ఉంది. మీరైతే ఏం అందిస్తారు?