మూడు చుక్కలు

ఇరవై ఏడో గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అడుగున మరక కనబడింది. బాబాయ్ దాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచాడు. ల్యాబులో అందరికీ ఆయన బాబాయే. వేళ్ళ చివర్లు సబ్బునీళ్ళకు నాని ముడతలు పడ్డాయి. పొద్దున పశువుల పాకనుంచి పేడ నమూనాలు తెచ్చిన వాసన చొక్కాను ఇంకా వదల్లేదు. ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. అయితేనేం, మరక మరకే.

పేడలో ఉండి మాంసంలోకీ చేరే ఒక చెడ్డ క్రిమిని, మన కడుపులో ఉన్నంత పులుపున్న ఆమ్లంలో గంటసేపు ఉంచి, బతికినవాటిని పళ్ళెంలో ఒక్కోటీ ఒక్కో చుక్కగా కనబడేదాకా పెంచి లెక్కపెడుతుంది ఇక్కడ పరిశోధన చేసే డాక్టరమ్మ. దాణా తిన్న ఆవుల క్రిములు ఒక పట్టాన చావవు, మొండిఘటాలు. ఎండుగడ్డి మేసినవాటివి చస్తాయేమోనని రెండేళ్ళుగా చూస్తోంది. అది తేలకుండానే వెళ్ళిపోతానేమోనని బాబాయ్ బెంగ.

ఆ క్రిమితో ఆయనది పాత పరిచయం. కూతురి నాలుగో ఏట, సగం ఉడికిన మాంసం మీద నిమ్మకాయ పిండి, “పులుపుకి ఏ పురుగైనా చస్తుందిలే” అంటూ తనే తినిపించాడు. పిల్లకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి, ఆపైన మూత్రం ఆగిపోయింది. ఈ గదిలోనే ఎవరో భోజనం కూడా మానేసి కూర్చుని, జబ్బు ఏ క్రిమిదో పట్టుకున్నారు. పిల్ల దక్కింది. ఆ మనిషెవరో మాత్రం తెలియలేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఇక్కడే చేరి, ముప్పై ఏళ్ళుగా అందరి గొట్టాలూ కడుగుతున్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ రెండు పళ్ళేలు తెచ్చింది. దాణా పళ్ళెం నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు. గడ్డి పళ్ళెం దాదాపు ఖాళీ.

“మూడే, బాబాయ్! లేనట్టే లెక్క. రేపే రాసి పంపించేస్తాను.”

ఆయన కళ్ళు తుడుచుకుని, పళ్ళేన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“సంతోషమమ్మా, కడుపు నిండిపోయింది. కానీ లేనట్టే అని మాత్రం రాయకు. అంత పులుపూ దాటొచ్చినవి ఈ మూడూ. మా పిల్లని పడగొట్టడానికి ఎన్ని కావాల్సొచ్చాయో ఎవరికి తెలుసు?”

డాక్టరమ్మ నవ్వు ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నిజమే. మళ్ళీ చేస్తాను. ఈ మూడూ ఎందుకు మిగిలాయో తేలేదాకా పంపను. మీరు అనకపోతే తొందరపడేదాన్ని, బాబాయ్.”

ఆనాడు ఈ గదిలో భోజనం మానేసి కూర్చున్న ఆ మనిషి ఇన్నేళ్ళకు దొరికినట్టే అనిపించింది ఆయనకు. తడి చేతులు రెండూ జోడించాడు.

గేటు దగ్గర కూతురు స్కూటరు ఆపుకుని నిలబడి ఉంది.

“చేతులు కడుక్కున్నావా నాన్నా?”

“ముప్పై ఏళ్ళుగా చేసిందదేగా!” అని నవ్వి వెనక ఎక్కి కూర్చున్నాడు.

లోపల స్టాండులో, రేపటి తేదీ వేసి ఆయన చీటీ అంటించిన ఇరవై ఏడో గొట్టం బోర్లా ఆరుతోంది.