ఆరిళ్ళలో ఒకే ముఖం

మూడోసారి గుచ్చినా మీటరు అంకె చూపించలేదు. షుగరు తాను కొలవగలిగే హద్దు దాటిపోయిందని మాత్రం చెప్పి ఊరుకుంది.

"అమ్మా, కండ్లు తెరువు. నేనెవర్ని?"

ఎస్తేరమ్మ కళ్ళు తెరిచింది. కూతురిని కాదు, కూతురి భుజం మీదుగా వాకిలిని చూసి నవ్వింది.

"ఆమెను లోపలికి రమ్మను. ఎంతసేపు నిలబడ్తది పాపం."

"ఎవరిని?"

"గామెనే. నా మొఖమే పెట్టుకొని ఒచ్చింది."

వాకిట్లో ఎవరూ లేరు. పొద్దుటి ఎండ మాత్రం గడప దాకా వచ్చి ఆగి ఉంది. సాధన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబు తరఫున రోజూ ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసే పిల్ల. రోగానికి భయపడే మనిషి కాదు. అయినా ఒకసారి వాకిలి వైపు తిరిగి చూసుకుంది.

"నాయినా! ఆటోను పిలువు!"

సుందరయ్య కదల్లేదు. భార్య ముఖంలోకి చూస్తూ, "జర ఆగు బిడ్డా. నీళ్ళు తాపుదాం, తగ్గుతది" అన్నాడు.

"తగ్గుడేంది నాయినా! మనిషి మనిషిలెక్క మాట్లాడుతలేదు!"

ఎల్బీ నగర్ మెట్రో వెనక సందులోంచి దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రికి చేరేసరికి ఎస్తేరమ్మ మాట పూర్తిగా పడిపోయింది.

డాక్టర్ త్రినాథరావు కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడినాయన. నర్సుతో ఇన్సులిన్ పెట్టించి సాధన వైపు తిరిగాడు. ఆయన అడిగింది రిపోర్టులు కాదు.

"అమ్మగారి పాత ఫొటో ఉందామ్మా?"

ఫోన్‌లో పోయిన క్రిస్మస్ ఫొటో చూపించింది. ఆయన ఆ ఫోన్ తీసుకుని మంచం మీది ముఖం పక్కన పెట్టాడు. ఫొటోలో దవడ ఎముకలు తేలిన కోలముఖం. మంచం మీద నున్నగా, ఎర్రగా, గాలి నింపినట్టు గుండ్రటి ముఖం. మెడ వెనక దిండులా పేరుకున్న కొవ్వు. చేతుల మీద ఊదారంగు మచ్చలు. కాళ్ళు మాత్రం పుల్లల్లా ఉన్నాయి.

"మనిషి ఇంతలా మారిపోతుంటే ఇంట్లో ఒక్కరూ చూడలేదా?"

"చూసినం సార్. ఒళ్ళు చేసింది, మంచిగైతున్నదనుకున్నం."

అనుకోవడానికి కారణం ఉంది. ఎస్తేరమ్మకు పన్నెండేళ్ళుగా షుగరు, ఎనిమిదేళ్ళుగా మోకాళ్ళ అరుగుదల. ఆరు కిలోలు తగ్గమనీ, పడుకుని కాలు చాపి ఎత్తి దించే వ్యాయామం రోజూ చేయమనీ, కిడ్నీలు పాడవుతాయి కనుక నొప్పి గోళీలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దనీ ఈ డాక్టరే నిరుడు చెప్పాడు. పది రోజులు చేసి మానేసింది. అలాంటిది జూన్‌లో ఒక ఆదివారం, చర్చిలో, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి మోకాళ్ళూని ప్రార్థన చేసింది! ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడి, దేవుడు తనను ముట్టాడని సాక్ష్యం చెప్పింది. చర్చి అంతా ఏడ్చింది.

"నొప్పి మాయం. షుగరు ఆకాశంలో. ముఖం చంద్రబింబం." త్రినాథరావు వేళ్ళు మడిచాడు. "మూడూ కలిపి చేసేది ఒక్కటేనమ్మా, స్టెరాయిడ్. ఒక్కసారి మోకాల్లోకి ఇంజెక్షన్ ఇస్తేనే షుగరున్నవాళ్ళని వారం రోజులు కనిపెట్టుకుని ఉంటాం. ఈవిడకి ఎవరో నెలల తరబడి రోజూ పెడుతున్నారు."

"ఎవరు పెడ్తరు సార్?" అన్నాడు సుందరయ్య. "ఆమె బయటి తిండే ముట్టది. పొద్దుగాల రాగిజావ, రెండు పుల్కలు, మీరు రాసిన షుగర్ గోళి. గంతే."

"నాకు తెలీదు. కానీ వినండి. ఇన్నాళ్ళూ బయటినుంచి మందు పోతే, ఒంట్లో సొంతంగా ఊరే స్టెరాయిడ్ నిద్రపోతుంది. మందు ఠక్కున ఆగితే బీపీ పడిపోయి మనిషి దక్కదు. ఎక్కువిస్తే షుగరు దిగదు. ప్రస్తుతానికి అంచనా మీద ఇస్తున్నాను. ఏ మాత్ర, రోజుకెంత, ఎన్నాళ్ళుగా? సాయంత్రంలోగా నాకు తెలియాలి. పోలీసులకీ రాసి పంపుతున్నాను."

తండ్రిని తల్లి దగ్గర వదిలి సాధన మెట్రో ఎక్కింది.

సందులో తమ ఇంటికి నాలుగిళ్ళ అవతల అరుణమ్మ ఇల్లు. వారం వారం అమ్మతో ప్రార్థన కూడికకు వెళ్ళే మనిషి. అమ్మ ఎక్కడ ఏం తిన్నదో ఆమెకు తెలియకుండా ఉండదు. సాధన తలుపు తట్టింది.

తలుపు తెరుచుకుంది. సాధన ఒక అడుగు వెనక్కి వేసింది.

గడపలో నిలబడ్డది అమ్మ.

అమ్మ బుగ్గలు. అమ్మ ఎరుపు. కండలో కూరుకుపోయిన అమ్మ చిన్న కళ్ళు.

"ఏమే, దయ్యాన్ని చూసినట్టు చూస్తవేంది? అమ్మెట్లున్నది?"

గొంతు అరుణమ్మది. లోపల హాల్లో నలుగురు ఆడవాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు, ఎస్తేరమ్మ కోసం ప్రార్థన. మాట విని నలుగురూ ఒక్కసారే లేచారు. గోడ పట్టుకోలేదు, అబ్బా అనలేదు. నిరుడు మెట్రో మెట్లు చూసి వెనక్కి తిరిగిన మనుషులు! నాలుగు తలలూ వాకిలి వైపు తిరిగాయి. ఒకరిది చామనఛాయ, ఒకరిది నలుపు, ఒకరిది కోటేరు ముక్కు. అయినా ఎవరో ఒకే అచ్చులో పోసినట్టు, ఐదుగురికీ ఒకటే ముఖం.

ఈ ఐదుగురికీ నెలనెలా రక్తం తీసేది సాధనే. నూటయాభై ఉన్న షుగరు రెండొందలైంది, మూడొందలైంది. ఎవరి రిపోర్టు వాళ్ళ కవరులో పెట్టి ఇచ్చిందే గాని, ఒక్కనాడూ ఐదూ పక్కపక్కన పరిచి చూడలేదు; ముఖాలూ అంతే, విడివిడిగా చూసి ఒళ్ళు చేశారనుకుంది.

"అత్తా, మీ మోకాళ్ళు ఎప్పటిసంది మంచిగైనయ్?"

"మీ అమ్మ సాక్ష్యం చెప్పినంక. మేం గూడ పట్టువట్టి ప్రార్థన చేసినం."

"ప్రార్థన గాక ఇంకేమన్న? గోళి, నూనె, పొడి?"

అరుణమ్మకు కోపం వచ్చింది. "దేవుడు చేసినదానికి గోళి అంటవా? నాలుగు సూదులు గుచ్చుడు నేర్చుకోంగనే డాక్టరమ్మవైతివా?"

వెనక నుంచి ఒకామె నవ్వింది. "మీ అమ్మ జావ తప్ప మేమేం తాగుతలేమే తల్లీ. షుగరుకు మంచిదని ఆ రాగిపిండి ఇంటింటికి డబ్బలకు డబ్బలు పంచింది. అది తాగి, గంట ప్రార్థన చేస్తే, ఇగ ఉరుకుడే!"

సాధన అప్పటికే సందు చివరికి పరిగెత్తుతోంది.

పిండి పట్టే గిర్ని అంతయ్య కనురెప్పల దాకా పిండితో తెల్లగా ఉన్నాడు. ఆమె అడిగింది వినడానికి మిషను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో అతని మాట పెద్దగా వినిపించింది.

"నేనేం కలుపుత బిడ్డా? సందంత నా దగ్గర్నే పట్టిచ్చుకుంటది. మీ పిండికి ఒక్కదానికే పొట్లం ఒస్తది."

"ఏం పొట్లం?"

"జీలకర పొడి అన్నడు. జీలకర ఎక్కడన్న సున్నంలెక్క తెల్లగుంటదా అని నవ్విన. నీ పని నువ్వు చూస్కో అన్నడు. నాలుగైదు నెలలాయె."

"ఎవరు మామా?"

అంతయ్య విచిత్రంగా చూశాడు. "పిండి పట్టిచ్చేదెవరు? మీ నాయినే గద."

తిరుగు రైల్లో సాధన ఎవరి ముఖమూ చూడలేకపోయింది. ఎదుటి సీట్లో ఒక ముసలామె తల ఎత్తబోతే తాను తల దించుకుంది. సుందరయ్య నల్గొండ దిక్కు పల్లెలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర ముప్పై ఏళ్ళు కాంపౌండర్. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో మందుల షాపులో సగం రోజు కొలువు. తెల్లటి పొడి కోసం ఆయన ఎక్కడా వెతకనక్కర్లేదు.

వార్డులో తెర వేసి ఉంది. సాధన పక్కకు లాగింది.

సుందరయ్య మంచం మీదికి వంగి ఉన్నాడు. ఒక చేతిలో ఇంటి నుంచి వెంట తెచ్చిన ఫ్లాస్కు మూత, ఇంకో చేతిలో చెంచా. కళ్ళు మూసుకునే ఎస్తేరమ్మ పిట్టపిల్లలా నోరు తెరిచింది. చెంచాలో జావ.

"నాయినా!"

"ఒర్రకు." ఆయన వెనక్కి తిరగలేదు. "పొద్దుగాల తాగలే. ఒక్కపారే ఆపితే పాణం పోతది."

సాధన చెంచా లాక్కుంది. "అంటే నీకన్నీ ఎరుకే! ఏ గోళి? రోజుకెంత?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "దేవుని ముందట కుర్సీల కూసునుడేందని ఆరేండ్లు ఏడ్చింది. చూడలేకపోయిన. ఒక్క నెల ఇచ్చి ఆపుదామనుకున్న. గంతల్నే సాక్ష్యం చెప్పింది. ఇగ ఎట్ల ఆపుత? ముట్టింది నీ దేవుడు గాదు, నేనని ఏ నోటితోని చెప్త?"

"మరి అరుణత్తోళ్ళు?"

"పంచుతదని నాకేం ఎరుక? ఒక్కొక్కల మొఖం ఉబ్బుకుంట ఒస్తుంటే…" ఫ్లాస్కు మూత కింద పెట్టాడు. "కిటికీల కూసొని చూసిన. రోజూ చూసిన."

"రోజుకెంత నాయినా? డాక్టర్‌కు చెప్పాలె!"

"చెప్తే ఒప్పుకున్నట్టే. పోలీసులొస్తరు." ఆయన కూతురి చున్నీ అంచు పట్టుకున్నాడు. "గిర్నిల అంతయ్య కలిపిండని చెప్పు బిడ్డా. అమ్మకు నేను చాటుంగ తాపి కాపాడుకుంట. నీ కాళ్ళు మొక్కుత."

తెర కదిలింది. త్రినాథరావు లోపలికి వచ్చాడు.

"బీపీ పడుతోందమ్మా. ఏమైనా దొరికిందా? ఎవరు కలిపారు? ఆ మనిషి చేత పది నిమిషాల్లో మోతాదు చెప్పించాలి."

సాధన నోరు తెరిచింది. చున్నీ అంచు బిగిసింది. మానిటరు టిక్కుటిక్కుమంటోంది.

"సార్."

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. ఎస్తేరమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి. పొద్దుటి మసక లేదు. ఇన్సులిన్‌తో తెలివి వచ్చి ఎంతసేపైందో, ఎంత విన్నదో. దుప్పటి కింద తన మోకాళ్ళ వైపు ఒకసారి చూసుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"ఇంకా ఐదుగురున్నరు సార్. ఆల్లను గూడ పిలిపియ్యుండ్రి. దేవుని మీద పెట్టకుండ్రి. గిర్నాయన మీద పెట్టకుండ్రి."

"మరి ఎవరమ్మా?"

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన అనీ, సాధన నాయిన అనీ అనడమే తప్ప, ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదు. పెళ్ళినాడు పాస్టరు ప్రమాణం చెప్పించబోతే కూడా సిగ్గుతో తలూపి ఊరుకుందట.

ఎస్తేరమ్మ భర్త కళ్ళలోకి చూసి, స్పష్టంగా, పైకి అంది.

"సుందరయ్య."